ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ చదువుతారా? ముందు ఒక దాళ్వా చూడండి

ఈ మధ్య పాలకొల్లులో ఒక గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న బాబాయి వరసాయన ఉన్నట్టుండి అడిగారు: "అమ్మలూ, ఈ ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ చదివితే ఏమన్నా ఉద్యోగాలుంటాయంటావా, లేకపోతే మావాణ్ణి కూడా అందరిలాగే హైదరాబాద్ తోలెయ్యమంటావా?" ఆయనకి అవతల కూర్చున్న కొడుకు మెకానికల్ ఫైనలియర్. వాడి ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. "అక్కా, క్యాట్ రాయాలా, గేట్ రాయాలా?" మొదటిది మేనేజ్‌మెంట్ పీజీకి, రెండోది ఎంటెక్‌కి పెట్టే ప్రవేశ పరీక్ష. ఈ ఏడాది రెండూ వద్దు, ముందు ఎక్కడన్నా మిల్లులోనో ప్లాంటులోనో ఓ ఏడాది పనిచెయ్ అన్నాను. బాబాయి ముద్దపప్పులో ఆవకాయ కలుపుతున్న చెయ్యి ఆపేసి, నేనేదో వాళ్ల పిల్లాడికి వచ్చిన సంబంధం చెడగొట్టినట్టు చూశారు.

అక్కడ అంతకంటే చెప్పే వీల్లేకపోయింది. తర్వాతి బంతి వాళ్లు అప్పటికే మా కుర్చీల వెనక చేరి నిలబడ్డారు. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. నా మాట ఒక్కటే: ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్, అంటే ఫ్యాక్టరీలో సరుకూ మనుషులూ మిషన్లూ ఆగకుండా నడిచేలా ప్లాను చేసే విద్య, మంచి చదువు, మన డెల్టా పిల్లలకి ఇంకా మంచి చదువు, అయితే బీటెక్ అవ్వగానే నేరుగా వెళ్లి కూర్చుంటే అందులో సగం బుర్రకెక్కదు. కనీసం ఒక సీజను ఏదో ఒక ఫ్యాక్టరీలో నలిగి వెళ్లాలి. ఆ సీజను దొరకడానికి పుణెలూ గుర్‌గావ్‌లూ వెళ్లక్కర్లేదు, తణుకు నుంచి అమలాపురం దాకా ఎటు చూసినా దొరుకుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. మెకానికల్ చదివి, చెన్నై దగ్గర ఒక ఆటో విడిభాగాల కంపెనీలో ప్లానింగ్‌లో చేసి, ఆ తర్వాత పీజీకి వెళ్లి, ఇప్పుడు భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ప్రొడక్షన్ ప్లానింగ్ చూస్తున్నాను. ఇంట్లో వాళ్లు ఇప్పటికీ "మా అమ్మాయి రొయ్యల కంపెనీలో మేనేజరు" అని చెప్పి మాట మార్చేస్తారు.

జవాబు ముందు, ప్రశ్న తర్వాత

జేఎన్‌టీయూ మెకానికల్ వాళ్లందరికీ ఈ సబ్జెక్టు రుచి కొంచెం తెలుసు. వర్క్ స్టడీ, ఇన్వెంటరీ, క్వాలిటీ కంట్రోల్, ఆపరేషన్స్ రీసెర్చ్ అని విడివిడిగా వస్తాయి, పరీక్షకి ముందు రోజు రాత్రి ఆల్ ఇన్ వన్ తెరిచి పట్టికలు బట్టీ కొట్టి గట్టెక్కేస్తాం. థర్మోడైనమిక్స్‌కి ఉన్న గౌరవం దీనికి ఉండదు, ఎందుకంటే చదివితే అంతా తెలిసిందే అనిపిస్తుంది. క్యూలో ఎక్కువ మంది ఉంటే ఎక్కువసేపు ఆగాలి, దీనికో సూత్రమా అనిపిస్తుంది.

అలాంటి సూత్రమే లిటిల్స్ లా. జాన్ లిటిల్ 1961లో దానికి రుజువు రాశాడు. లోపల ఉన్న సరుకు, గంటకి బయటికి వెళ్లే సరుకు తెలిస్తే, ఒక్కో కిలో లోపల ఎంతసేపు ఉంటుందో భాగారం చేసి చెప్పెయ్యొచ్చు. ఆరు టన్నుల రొయ్య లోపల ఉంది, గంటకి టన్నున్నర ఫ్రీజ్ అయి బయటికొస్తోంది అనుకోండి, అంటే సగటున నాలుగు గంటలు లోపలే ఉంటుంది. అయిదో క్లాసు లెక్క. పీజీ క్లాసులో దీన్ని మేం పది నిమిషాల్లో దాటేశాం.

అదే లెక్కని రాత్రిపూట మా రిసీవింగ్ దగ్గర నిలబడి చూస్తే వేరేగా ఉంటుంది. ఐసు వేసిన వ్యాన్లు వెనక్కి వచ్చి ఆనుకుంటాయి. ట్రేలు దింపి, కడిగి, కాటా వేసి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి లోపలికి పంపుతారు. లోపల మాస్కులూ గమ్‌బూట్లూ వేసుకున్న ఆడవాళ్లు స్టీలు బల్లల దగ్గర వరసగా నిలబడి తలలు తీస్తుంటారు. ఎడం చేతిలో రొయ్య, కుడి బొటనవేలితో ఒక్క నొక్కు, తల ఒక ట్రేలోకి, ఒళ్లు ఐసునీళ్లలోకి. కొత్తవాళ్లు రెండు తీసేలోపు పాతవాళ్లు ఐదారు తీసేస్తారు, కళ్లు మాత్రం పక్కామెతో కబుర్ల మీద ఉంటాయి. ఇక్కడ నాలుగు గంటలంటే ఎన్నిసార్లు ఐసు మార్చాలి, ఎంత సరుకుకి నల్లమచ్చ వస్తుంది, ఎంత ధర తెగుతుంది అనే లెక్కలన్నీ దాని వెనకే వస్తాయి.

ఒక రాత్రి వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు భయంతో మూడు చెరువుల రైతులు ఒకేసారి పట్టుబడి పట్టేశారు, అంటే చెరువుల్లో ఉన్న రొయ్యంతా పట్టేశారు. సరుకు కొండలా వచ్చి పడింది. షిఫ్ట్ ఇన్‌చార్జి కంగారుపడి, పీలింగ్ నెమ్మదిగా ఉంది, ఇంకో ఇరవై మందిని తెప్పించండి అని కాంట్రాక్టరుకి ఫోన్ మీద ఫోన్. బల్లల దగ్గర మేస్త్రీ ఒకావిడ, నరసాపురం వైపు మనిషి, చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చింది. "మేడంగారూ, మా మీద పడతారేంటండీ? ఆ ఫ్రీజరు ముందు చూడండి, ట్రాలీలు ఎప్పట్నించి కదల్లేదో. ముందు దాన్నాడించండి, తర్వాత మమ్మల్ని తొందరపెడుదురు గాని" అంది. వెళ్లి చూస్తే నిజమే. ప్లేట్ ఫ్రీజరులో ఒక లోడు పెడితే గంటన్నర దాకా తలుపు తెరవడానికుండదు. ఇరవై మంది వచ్చి ఇంకా వేగంగా తలలు తీస్తే, తీసిన సరుకంతా ఫ్రీజరు ముందు గుట్టపడేది, అంతే. పైగా మా దగ్గర కిలోల లెక్కన కూలీ. ఉన్న సరుకు ఇంకో ఇరవై మంది పంచుకుంటే ఆ రాత్రి ఎవరికీ గిట్టేది కాదు. ఆవిడ బాధ అది కూడా.

మరి ఏ పీజీ చదవని ఆవిడకి ఇదంతా తెలిసినప్పుడు మనకి చదువెందుకు అనొచ్చు. నేనూ అనుకున్నాను. ఆవిడకి సరుకు ఎక్కడ ఆగిందో తెలుసు. రేపు ఎన్ని గంటలకి ఎన్ని టన్నుల పట్టుబడికి ఒప్పుకోవాలి, ఏ కౌంట్‌ని దిమ్మలుగా గడ్డకట్టించే బ్లాకులకి పంపాలి, దేన్ని రొయ్యకి రొయ్య విడిగా ఫ్రీజ్ చేసే ఐక్యూఎఫ్ లైనుకి మళ్లిస్తే కంటైనరు టైముకి నిండుతుంది అనేది మాత్రం ఆవిడకి తెలిసే దారి లేదు, ఆవిడని అడిగేవాళ్లూ లేరు. ఆ రాత్రి కొంత సరుకు ఐక్యూఎఫ్‌కి మళ్లించి, ఇంకా పట్టని చెరువులవాళ్లకి ఫోన్లు చేసి పట్టుబడి తెల్లవారుజాముకి మార్పించాం. ఆ పని చెయ్యడానికి చదువు పనికొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఆవిడే చూపించింది.

పీజీలో మా క్లాసులో ఒకతను ఉండేవాడు, సిమెంటు ఫ్యాక్టరీలో కొన్నేళ్లు చేసి వచ్చాడు. ఇన్వెంటరీ పాఠంలో సెటప్ కాస్ట్, అంటే ఒక్కోసారి పని మొదలుపెట్టడానికి అయ్యే ఖర్చు, అనే మాట రాగానే మేమంతా దాన్నొక అక్షరంగా రాసుకున్నాం. అతను లేచి, "సార్, సిమెంటు కాల్చే కిల్న్ ఆపి మళ్లీ వెలిగించడానికి అయ్యే ఖర్చు ఇందులో వస్తుందా? ఇటుక పగిలితే అది ఎవరి ఖాతా?" అన్నాడు. మేష్టారు చాక్‌పీసు కింద పెట్టేసి ఆ పీరియడ్ అంతా దాని మీదే మాట్లాడారు. మిగతా రోజుల్లో మా అందరికంటే అతనికి మార్కులు తక్కువే వచ్చేవి. కానీ ఆ కోర్సులో దొరికే జవాబులన్నిటికీ ప్రశ్నలు అతని దగ్గర ముందే ఉన్నాయి. మిగతావాళ్లకి ఉద్యోగంలో చేరిన మూడో ఏట ప్రశ్న ఎదురవుతుంది, అప్పటికి జవాబు నోట్సుతో పాటు పాత పేపర్లవాడికి వెళ్లిపోయి ఉంటుంది.

డెట్రాయిట్ లెక్కలు, డెల్టా సరుకు

మన ఊళ్లోనే ఆ సీజను చూడమని ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఈ సబ్జెక్టులో పెద్ద పెద్ద ఆలోచనలన్నీ ఎక్కడ పుట్టాయో చూడండి. 1913లో ఫోర్డు డెట్రాయిట్ దగ్గర తన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టి, కారు ఛాసిస్ బిగించే పనిని పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకి దించాడు. ఎంత సరుకు ఒకేసారి ఆర్డరు పెడితే లాభమో చెప్పే హారిస్ సూత్రం వచ్చింది కూడా ఆ 1913లోనే. తర్వాత టొయోటాలో తైచీ ఓనో, ముందువాడు అడిగితేనే వెనకవాడు తయారుచెయ్యాలి అనే కాన్‌బాన్ పద్ధతి తెచ్చాడు. వీళ్లందరికీ ఇనుము, స్క్రూలు, టైర్లు ముడిసరుకు. గోడౌన్లో నెల రోజులున్నా పాడవ్వవు, వద్దంటే సప్లయరు ఆపుతాడు. అక్కడి చిక్కంతా గిరాకీ ఎంత ఉంటుందో తెలియకపోవడమే.

మన దగ్గర చిక్కు తిరగబడి ఉంటుంది. బియ్యానికి గిరాకీ ఏడాదంతా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది, ధాన్యం మాత్రం సార్వాకి (ఖరీఫ్ పంటకి) ఒకసారి, దాళ్వాకి (రబీ పంటకి) ఒకసారి, ఊళ్లకి ఊళ్లు ఒకే వారంలో వచ్చి మీద పడుతుంది. చెరువులో రొయ్య జబ్బు పడితే ఆ రాత్రే పట్టాలి. నరికిన చెరకు ఒక రోజు దాటితే రసంలో పంచదార తగ్గడం మొదలవుతుంది. ఆర్డరు వచ్చాక ముడిసరుకు తెప్పించుకుందాం అంటే ఇక్కడ కుదరదు. ముడిసరుకే గేటు దగ్గర నిలబడి మనల్ని తరుముతుంది.

దాళ్వా సంగతే తీసుకోండి. మా చిన్నప్పటి దాకా చేను కోసి, కుప్ప వేసి, తీరిక చూసుకుని మాసూళ్లు (నూర్పిళ్లు) చేసేవారు. ఆ కుప్ప అందానికి వేసింది కాదు. ధాన్యం గడ్డితో పాటే ఆరేది, మిల్లుకి కొంచెం కొంచెంగా వెళ్లేది, పుస్తకం భాషలో చెప్పాలంటే అదొక బఫర్, మధ్యలో ఆపుకునే నిల్వ. ఇప్పుడు కోత యంత్రం దిగి రెండు మూడు రోజుల్లో ఆ చుట్టుపక్కల చేలన్నీ తుడిచిపెట్టేస్తుంది. కోతకి కూలీలు దొరకని బాధ తీరింది, నిజమే. కానీ పచ్చి ధాన్యం అంతా ఒకేసారి రోడ్డు మీదకి వచ్చేసింది. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు, అందుకని ఏప్రిల్ ఎండలో రోడ్డుకి సగం ధాన్యం, సగం బళ్లు. ఒకచోట పని వేగం పెంచితే ఆగడం ఇంకోచోటికి మారుతుందని గోల్డ్‌రాట్ అనే ఆయన 1980ల్లో చెప్పి పేరు తెచ్చుకున్నాడు. మనకి ఆ పాఠం రోడ్డు మీదే పరిచి ఉంటుంది, పైన టార్పాలిన్ కప్పి.

ఆ ధాన్యం రోడ్డు మీద నుంచి కదలడానికి ఏం కావాలో చూస్తే ఇంకో తమాషా. మా పెదనాన్నగారి తోడల్లుడికి మండపేట వైపు మిల్లు ఉంది. ఒక ఏడాది వాళ్లబ్బాయి స్నేహితుడు, అప్పుడే ఎంబీఏ ఆపరేషన్స్ పూర్తిచేసినవాడు, దాళ్వాకి సాయం చేస్తానని వచ్చాడు. మంచి పిల్లాడు. ల్యాప్‌టాప్‌లో రోజుకిన్ని లారీలు, ఇన్ని టన్నుల మిల్లింగు, ఇంత బియ్యం అని, ఏ పని ఎప్పుడో గళ్లలో చూపించే రంగు రంగుల గాంట్ చార్టు వేశాడు. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల బియ్యం ఇవ్వాలన్న లెక్క కూడా వేసుకున్నాడు. మూడో రోజు మిల్లు ఆగింది. మిషను పాడై కాదు, కరెంటు పోయీ కాదు. గోనె సంచుల్లేవు. ఏటా దాళ్వాకి సంచుల కరువు వస్తుందని మిల్లులో హమాలీలకి కూడా తెలుసు, చార్టులో మాత్రం సంచి అనే గడే లేదు. పెద్దాయన కళ్లజోడు పైకెత్తి, "బాబూ, నీ చార్టులో బియ్యం పోసుకోడానికి చోటుందా?" అన్నారు. పిల్లాడు నవ్వేశాడు గానీ, ఆ సాయంత్రమే పక్క మిల్లులన్నీ తిరిగి ఎవరి దగ్గర ఎన్ని సంచులున్నాయో రాసుకొచ్చాడు. అది చేసినందుకు నాకు అతని మీద గౌరవం. ఇప్పుడు కాకినాడలో బియ్యం ఎగుమతుల లాజిస్టిక్స్‌లో ఉన్నాడు. యాంకరేజ్ పోర్టులో బార్జీల మీద సంచులు వేసుకెళ్లి సముద్రంలో ఆగిన ఓడకి ఎక్కించాలి, ఓడ ఆగిన కొద్దీ డెమరేజ్ (ఆలస్యానికి జరిమానా). బార్జీ కంటే ముందు సంచులే లెక్కపెడతానని అంటుంటాడు.

తణుకు వైపు చెరకు రైతులకి ఇంకొకటి తెలుసు: కటింగ్ ఆర్డరు. ఫ్యాక్టరీ ఫలానా రోజు నీ చేను నరుకు అని చీటీ ఇస్తేనే నరకాలి, లేకపోతే యార్డులో బళ్లు రోజుల తరబడి ఆగిపోతాయి. కాన్‌బాన్ గురించి క్లాసులో జపాన్ కార్డుల బొమ్మలు చూసినప్పుడు నాకు మా తాతయ్య జేబులోని ఆ చీటీయే గుర్తొచ్చింది. కాలవ నీళ్ల వంతులు కూడా అలాంటివే, పది లక్షల ఎకరాల ఆయకట్టుకి ఎద్దడి ఏడాదిలో తలకాలవ వాళ్లు తోడేసుకోకుండా శివారు చేలకి నీళ్లు చేర్చడమంటే ఏ ఫ్యాక్టరీ షెడ్యూలుకీ తీసిపోదు. మనవాళ్లకి ఈ విద్య కొత్త కాదనడానికి చెబుతున్నా, ఇదంతా ముందే మన దగ్గరుందని గొప్పలు పోవడానికి కాదు. వంతుల్లో గొడవలెన్ని జరుగుతాయో మనకి తెలుసుగా.

అసలు ఉద్యోగాలేంటి

బాబాయి అడిగింది ఇదే కాబట్టి దాచకుండా చెబుతాను. "ఇండస్ట్రియల్ మేనేజర్" అని బోర్డున్న కుర్చీ ఎక్కడా ఉండదు. చేరేటప్పుడు ప్రొడక్షన్ ప్లానింగ్, స్టోర్స్, పర్చేజ్, డిస్పాచ్, క్వాలిటీ, సేఫ్టీ ఇలాంటి పేర్లతో ఉంటాయి. ఇందులో స్టోర్స్ అంటే మనవాళ్లకి చిన్నచూపు, ఏదో కొట్లో సామాన్లు చూసుకునే పని అని. నన్నడిగితే కొత్తగా చేరేవాళ్లకి అదే మంచి చోటు. ఫ్యాక్టరీలో ఎవరు అబద్ధం చెబుతున్నారో స్టోర్స్ పుస్తకంలో తెలిసిపోతుంది. మెయింటెనెన్స్ వాళ్లు బేరింగులు ఎక్కువ తీసుకుంటున్నారంటే ఏ మిషను మూలుగుతోందో తెలుస్తుంది. ప్యాకింగ్ అట్టపెట్టెలు మిగిలిపోతున్నాయంటే ప్రొడక్షన్ వాళ్లు చెప్పే టన్నేజీలో తేడా ఉంది.

క్వాలిటీ వైపు మన దగ్గర ఎగుమతి ప్లాంట్లున్నాయి కాబట్టి హ్యాసప్ అనే ఆహార భద్రత పద్ధతి, యాంటీబయాటిక్ పరీక్షలు, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ వాళ్ల తనిఖీలు, వీటితో ఎప్పుడూ పని ఉంటుంది. అయితే అందులో ఎక్కువ పోస్టులు ఫిషరీస్, మైక్రోబయాలజీ చదివినవాళ్లకి పోతాయి, మెకానికల్ వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. సేఫ్టీ మాత్రం మనవాళ్లు పట్టించుకోని దారి. పెద్ద ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని చట్టమే చెబుతుంది, అమ్మోనియా కంప్రెసర్లున్న చోట ఆ మనిషి విలువేంటో లీకేజీ అయిన రోజు అందరికీ తెలుస్తుంది.

జీతం సంగతి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ క్లాస్‌మేట్ కంటే తక్కువే వస్తుంది, చాలా తక్కువే వస్తుంది. ఆదివారం సెలవు ఖాయం కాదు, సీజన్లో పండగలుండవు. ఇది దాచిపెట్టి "స్కోప్ బాగుంది" అని చెప్పే కోచింగ్ వాళ్ల మాట నమ్మొద్దు. అయిదారేళ్లకి లెక్క మారుతుంది, అదీ అందరికీ కాదు.

సాఫ్ట్‌వేరే కావాలన్న ఇంట్లో వాళ్లకి ఒక మధ్యదారి కూడా ఉంది. అమీర్‌పేటలో ఎస్‌ఏపీ అనే కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్ నేర్పే చోట ఎంఎం, పీపీ అని మాడ్యూల్స్ ఉంటాయి, ఒకటి సరుకు కొనుగోలూ నిల్వలూ, ఇంకోటి ప్రొడక్షన్ ప్లానింగు. ఫ్యాక్టరీ మెట్లెక్కకుండా అవి నేర్చుకుని, గూడ్స్ రిసీప్ట్ అంటే ఏ బటన్ నొక్కాలో మాత్రమే తెలిసినవాళ్లు బోలెడు మంది. మా ప్లాంటుకి అలాంటి కన్సల్టెంటు వచ్చి, రొయ్య బరువు వ్యానులో ఒకలా, ఐసు కడిగాక ఒకలా, తల తీశాక ఒకలా ఉంటుందంటే బిత్తరపోయాడు. స్క్రూల లెక్కలో పది కొంటే పదే ఉండాలి కదా. రెండేళ్లు స్టోర్స్‌లో చేసి వెళ్లిన మనిషికి అదే హైదరాబాద్‌లో వేరే మర్యాద ఉంటుంది.

చదువుకోవాలంటే ఎక్కడ అనేది అందరికీ తెలిసిందే, గబగబా చెప్పేస్తా. 1963లో పెట్టిన ముంబయి నీటీ 2023లో ఐఐఎం ముంబయి అయింది, క్యాట్‌తో వెళ్లాలి, ఆపరేషన్స్‌కి దాని పేరు దానిదే. గేట్ దారిలో అయితే ఐఐటీ ఖరగ్‌పూర్, ఎన్ఐటీ తిరుచ్చి లాంటి చోట్ల ఎంటెక్. లెక్కలంటే ఇష్టమైతే కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాలిటీ, రిలయబిలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్ కలిపిన ఎంటెక్ ఉంది. మెకానికల్ గేట్ పేపర్లోనే ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ మార్కులు ఎలాగూ ఉంటాయి.

నన్ను వదలని సందేహాలు

మా ప్లాంటులో జూనియర్ అమ్మాయికి ఈ మాటలే చెబితే ఒక్క ముక్కలో తీసిపారేసింది. "మేడమ్, ఒకసారి ఉద్యోగంలో చేరాక మా ఇంట్లో మళ్లీ చదువుకోనిస్తారా? సంబంధాలు చూస్తారు." నా దగ్గర దీనికి మంచి జవాబు లేదు. మగపిల్లలకైనా ఇంటి లోను, చెల్లి పెళ్లి అని ఏదో ఒకటి అడ్డొస్తుంది, చేతికొచ్చే జీతం వదులుకుని మళ్లీ ఫీజు కట్టడం మధ్యతరగతి ఇంట్లో చిన్న విషయం కాదు. నేను వెళ్లగలిగానంటే మా నాన్నగారు బంధువుల మాట చెవిన పెట్టకపోవడం వల్ల, అంతేగానీ నా ప్లానింగ్ గొప్ప కాదు. అందుకని అమ్మాయిలు అడిగితే సీటొస్తే వదలొద్దు, వెళ్లిపో అనే చెబుతున్నాను, కోర్సులో సమ్మర్ ప్రాజెక్టు మాత్రం హెడాఫీసులో కాకుండా ఫ్యాక్టరీలో పెట్టించుకోమంటున్నాను. నా వాదనకి ఇది చిల్లే, తెలుసు.

రెండోది యజమానుల సంగతి. మన దగ్గర మిల్లులైనా ప్లాంట్లయినా చాలావరకు కుటుంబ వ్యాపారాలు. స్టోర్స్ తాళంచెవి బావమరిది దగ్గర, పర్చేజ్ అల్లుడి దగ్గర. బయటివాడు ఎంత చదివినా డబ్బు దగ్గరికి రానివ్వరు. ఒకచోట ఇంటర్వ్యూలో నన్ను మొట్టమొదట అడిగింది మాది ఏ ఊరు, ఎవరి తాలూకా అని, డిగ్రీ గురించి చివర్లో అడిగారు. దీన్ని తిట్టుకుంటూ కూర్చోవచ్చు. కానీ నమ్మకం మీద నడిచే చోట లెక్క బయటపెట్టేవాడంటే భయం ఉండటం సహజమేనేమో అనిపిస్తుంది కూడా. పిల్లలు చదువుకుని తిరిగొచ్చిన ఇళ్లలో ఇది కాస్త మారుతోంది, పెద్దాయన పైన సంతకం పెడుతున్నా కింద ఎక్సెల్ షీటు ఉంటోంది.

మూడోదే నాకు ఎక్కువ. ఈ విద్యకి మొదట్నించీ ఒక చెడ్డపేరుంది. ప్రతి పనికీ టైము కొలిచి వేగం పెంచాలన్న ఫ్రెడరిక్ టేలర్ పద్ధతని స్టాప్‌వాచ్ పట్టుకుని మనిషి వెనక నిలబడితే, 1911లో అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో మౌల్డర్లు (పోతపోసే అచ్చులు చేసేవాళ్లు) పని ఆపేశారు. గొడవ చట్టసభ దాకా వెళ్లి, ప్రభుత్వ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ పనికి డబ్బివ్వకుండా ఆపేశారు. పుస్తకాల్లో టేలర్ బొమ్మ ఉంటుంది, మౌల్డర్ల మాట ఉండదు. మా బల్లల దగ్గర నేనూ వాచీ చూస్తాను. సరుకు ఆగకుండా వస్తే కిలో కూలీ మనిషికి ఖాళీగా నిలబడే బాధ తప్పుతుంది, రాబడి పెరుగుతుంది, ఆ నమ్మకంతోనే చేస్తాను. అలా పెరిగింది చూసి, వచ్చే సీజన్లో కాంట్రాక్టరు కిలో రేటు తగ్గిస్తే? ఒకసారి అలాంటి మాట మీటింగులో వచ్చింది కూడా. నా ప్లానింగ్ షీటులోంచే అంకెలు తీసి చూపించారు. నేను వద్దని వాదించాను, ఆ ఏడాదికి ఆగింది. ప్రతి ఏడాదీ ఆగుతుందని చెప్పలేను. ఈ చదువు చదివేవాళ్లు ఎవరైనా ఏదో ఒక రోజు ఆ మీటింగులో కూర్చోవాల్సి వస్తుంది. అప్పటికి ఒక్క షిఫ్టన్నా ఆ బల్ల దగ్గర నిలబడి, చేతులు ఐసుకి తిమ్మిరెక్కిన మనిషి మాట్లాడే తీరు వేరే ఉంటుంది. ముందు ఫ్యాక్టరీకి వెళ్లమని నేను మొండికెయ్యడానికి అసలు కారణం బహుశా ఇదేనేమో.

ఎలా మొదలుపెట్టాలంటే

ఏడాది ఉద్యోగం దొరక్కపోతే అప్రెంటిస్‌షిప్ ఉంది. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద ఇంజనీరింగ్ అయినవాళ్లకి ఏడాది శిక్షణ, స్టైపెండుతో. డబ్బు తక్కువే గానీ గేటు లోపల ఉంటారు. అదీ కుదరకపోతే ఫైనలియర్ ప్రాజెక్టయినా ఉంది. రెడీమేడ్ ప్రాజెక్టు కొని బైండింగ్ చేయించే బదులు, ఏప్రిల్లో పదిహేను రోజులు దగ్గర్లోని రైసుమిల్లుకి వెళ్లండి. ఏం కొలవాలని అడుగుతారేమో. లారీ గేటు దగ్గరికి ఎప్పుడొచ్చింది, కాటా ఎప్పుడెక్కింది, ఖాళీ అయి ఎప్పుడు బయటికెళ్లింది, ఈ మూడు టైములూ తెల్ల కాగితం మీద రాసుకుంటే చాలు. ఆ పక్కనే ఆ రోజు ఎన్ని సంచులున్నాయో, హమాలీల జట్టు ఎంతమందో, ధాన్యం తేమ ఎంతో రాయండి. నాలుగో రోజుకి హమాలీలే వచ్చి మీరేం రాసుకుంటున్నారని అడుగుతారు, వాళ్లకి టీ చెప్పి వాళ్లు చెప్పేది కూడా రాసుకోండి. కాటా దగ్గర గుమస్తాగారితో మాత్రం జాగ్రత్త, ఆయన టైముల్ని మీ టైములతో పక్కపక్కన పెట్టి నలుగురిలో చదవకండి. ఇక లోపలికి ఎలా రానిస్తారంటే, కాలేజీ లెటరు పట్టుకెళ్తే బయట బెంచీ మీద కూర్చోబెడతారు. మీ నాన్నగారి పేరూ ఊరూ చెప్పండి, సరాసరి లోపలికి పిలుస్తారు.